వత్తులు కనపడని ఆరు వారాలు

నలభై ఆరో ఏట నాకు చత్వారం పోయింది. ఒకరోజు ప్రూఫులు దిద్దుతూ, కళ్లు నలుపుకుందామని అద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. చూస్తే అద్దాలు లేకుండానే అక్షరాలు స్ఫుటంగా ఉన్నాయి. ధకారం కింద వత్తు, థకారం పొట్టలో చుక్క, కాగితం మీద వాలిన దుమ్ముతో సహా కనపడుతున్నాయి. ఇరవై రెండేళ్లుగా అచ్చుతప్పులు ఏరడమే నా పని. అలాంటిదానికి అద్దాల అవసరం తీరిపోవడమంటే లాటరీ తగిలినట్టే. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. క్యారెట్లు బాగా తింటున్నావా అని ఎవరో అడిగితే, అవునేమో అన్నాను కూడా.

అవే రోజుల్లో దూరాన ఉన్న బోర్డులు అలికేసినట్టు కనిపించేవి. ఎన్ని నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది, రాత్రి మూడేసి సార్లు లేచేదాన్ని. ఏ ప్రయత్నమూ లేకుండా అయిదు కిలోలు తగ్గాను. బాగా సన్నబడ్డావే అని మెచ్చుకున్నవాళ్లే తప్ప, ఎందుకు తగ్గావని అడిగినవాళ్లు లేరు. నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. అద్దాల షాపుకి వెళ్తే దూరపు చూపుకి మైనస్ ఒకటిన్నర అన్నారు, చేయించుకున్నాను. నెల తిరక్కుండా అవీ సరిపోలేదు. మళ్లీ వెళ్తే ఇంకో జత చేసిచ్చారు. మూడోసారి షాపు మానేసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా రెండు జతల అద్దాలనీ చూసి పక్కన పెట్టి, "షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?" అంది.

"ఎప్పుడూ చూపించుకోలేదండీ. నాకు తీపి అలవాటు లేదు, టీలో కూడా చక్కెర వేసుకోను."

ఆవిడ నవ్వలేదు. పరీక్షకి రాసిచ్చింది. పరగడుపున 212 వచ్చింది. 126 దగ్గర్నుంచే దాన్ని డయాబెటిస్ అంటారు. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. అందులో 6.5 దగ్గర్నుంచి డయాబెటిసే.

నా చత్వారం సంగతి ఆవిడే విప్పి చెప్పింది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది కంటిలోని కటకంలోకీ (లెన్స్) చేరుతుంది, నీటిని లాక్కుని దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన కటకం వల్ల నాకు దగ్గరి చూపు బాగుపడినట్టు అనిపించింది, దూరపు చూపు చెడింది. అంటే చత్వారం ఎక్కడికీ పోలేదు, జబ్బు దాన్ని కప్పిపెట్టింది. కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు వేసి కంటి వెనక ఉండే తెర, రెటీనా చూసింది, అది బాగానే ఉంది. ఏడాదికోసారి ఆ పరీక్ష తప్పనిసరి అంది. చివర్లో, "షుగర్ కుదుటపడేదాకా కొత్త అద్దాలు చేయించకండి. తగ్గేటప్పుడు చూపు మళ్లీ మారుతుంది" అంది. మొదటి వాక్యం విన్నాను. రెండోది వినలేదు.

షుగర్ డాక్టరు మెట్‌ఫార్మిన్ 500 రోజుకి రెండుసార్లు, పొద్దున్న ఒక మిల్లీగ్రాము గ్లిమెపిరైడ్ రాశారు. అన్నం తగ్గించమ్మా, నెలకి కనపడు అన్నారు. తగ్గించడం అనే మాట నా స్వభావానికి సరిపడదు. తప్పు కనపడితే కొట్టెయ్యడమే నాకు తెలిసిన పని. ఆ రాత్రి కూర్చుని చదివినంత చదివి, మర్నాటి నుంచి అన్నం, రొట్టె, బంగాళాదుంప, అరటిపండు అన్నీ ఒక్కసారే కొట్టేశాను. గుడ్లు, ఆకుకూరలు, పెరుగు, చేప, గుప్పెడు బాదం. రోజుకి యాభై గ్రాముల పిండిపదార్థం దాటనివ్వలేదు. మూడో రోజుకి తలనొప్పి, రాత్రి పిక్కలు పట్టెయ్యడం మొదలయ్యాయి. పిండిపదార్థం బాగా తగ్గిస్తే మొదటి రోజుల్లో ఒంట్లోని నీరూ ఉప్పూ ఎక్కువగా పోతాయి, అదీ కారణం. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒంట్లోంచి విషం దిగిపోతోందని సంబరపడ్డాను.

అయిదో రోజు సాయంత్రం నాలుగింటికి చేతిలో పెన్సిల్ నిలవలేదు. మెడ వెనక చల్లటి చెమట. పక్క సీటు అమ్మాయి, "మేడమ్, ఈ పేజీ అయ్యిందా?" అని మెల్లగానే అడిగింది, నేను కసురుకున్నాను. కసిరిన మరుక్షణం ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసే ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది. నా సంచిలోంచి షుగర్ మీటర్ తీసి తనే వేలు గుచ్చింది. 58. 70 కంటే తగ్గితే ప్రమాదం కింద లెక్క. నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూస్తే 86. అయిదు రోజులుగా శత్రువులా చూసిన చక్కెర అది. ఆ గ్లాసు అడుగున కరగకుండా మిగిలిన పలుకుల్ని వేలితో తీసుకుని నాకాను.

మర్నాడు డాక్టరు గారు కేకలేశారు. "నువ్వు తినే తిండికి సరిపడా మందు రాశానమ్మా. తిండి తీసేసి మందు అలాగే ఉంచితే ఎలా?" గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు, క్లోమాన్ని పిండి, రక్తంలో చక్కెరను దించే ఇన్సులిన్ తీయిస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేశారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఇలా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు నాలాగా చేసి ఉంటే ఇంకా ముప్పు. మూత్రంలోంచి చక్కెరను బయటికి పంపే మాత్రలు ఇంకో రకం ఉన్నాయి. అవి వాడుతూ పిండిపదార్థం మరీ తగ్గిస్తే, మీటర్‌లో అంకె మామూలుగా ఉంటూనే రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉందట. కంచంలో ఏం మార్చాలన్నా ముందు మందుల చీటీ రాసినవాళ్లకి చెప్పాలని నాకు తెలియదా అంటే, తెలుసు. చెప్పాలనిపించలేదు. నెల తర్వాత వెళ్లి మెప్పు పొందుదామనుకున్నాను. అంతే.

ఈసారి ఆయన చెప్పినట్టు చేశాను. వంటింట్లోకి ఒక చిన్న త్రాసు వచ్చింది. మొదటిరోజు అలవాటుగా వడ్డించుకున్నంత అన్నాన్నీ దాని మీద పెట్టాను. 300 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే ఒక్క పూటకి 84. తినేముందు 138 ఉంది, రెండు గంటల తర్వాత 246. మరో రోజు వంద గ్రాముల అన్నమే పెట్టుకుని, ముందు కూరగాయలూ గుడ్లూ తిని, అన్నం చివర్లో తిన్నాను. 132 నుంచి 171. ఈసారి కొలతా తగ్గింది, వరసా మారింది. కూర, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం చివర్లో తింటే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుందని పరిశోధనల్లోనూ తేలింది. కానీ నా వేలి చివర చూసుకున్నాక గానీ నేను నమ్మలేదు.

నన్ను బాగా మోసం చేసింది ఓట్స్. ఆరోగ్యం కోసమని రెండేళ్లు పొద్దున్నే తిన్నాను. లెక్క వేస్తే నలభై గ్రాముల ఓట్స్‌లో సుమారు 27, కప్పు పాలలో 12, పైన కోసి వేసుకునే అరటిపండులో ఇంకో 27. మొత్తం 66. రెండొందల గ్రాముల అన్నం కంటే ఎక్కువ. ఓట్స్ చెడ్డవని కాదు, వాటిలోని పీచు మంచిదే. నేనే వాటిని మందులా భావించి తిండి లెక్కలోంచి తీసేశాను. షుగర్‌ఫ్రీ అని అచ్చేసిన బిస్కెట్లదీ అదే కథ. చక్కెర లేదు నిజమే, పిండి ఉందిగా! అట్ట మీది పెద్ద అక్షరాలు వదిలేసి వెనకాల చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి. ఆ పని నా కోసం మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు.

చదవడం అంటే గుర్తొచ్చింది. అసలు దెబ్బ రెండో వారంలో తగిలింది. అంకెలు చక్కగా దిగుతున్నాయి, పరగడుపున 130ల్లోకి వచ్చాను. సరిగ్గా అప్పుడే అక్షరాలు మసకబారాయి. ద, ధ ఒకేలా ఉన్నాయి. బ, భ ఒకేలా ఉన్నాయి. కాగితం దూరం పెట్టాను, దగ్గర పెట్టాను, దీపం మార్చాను. పాత చత్వారం అద్దాలూ చాల్లేదు. ఒక శీర్షికలో "దైర్యం" అని పడింది. అంత పెద్ద అక్షరాల్లో ఒక వత్తు ఎగిరిపోతే నా కంట పడలేదు, అచ్చయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే బాధ.

ఇంటికొచ్చి గొడవ చేశాను. ఈ గడ్డి తినబట్టే కళ్లు పోతున్నాయి, నాకు అన్నం వండండి అన్నాను. మా ఆయన ఏమీ వాదించలేదు. కంటి డాక్టరమ్మ చీటీ వెతికి తెచ్చి నా ముందు పెట్టారు. అందులో రెండో వాక్యం ఉంది, ఆవిడ చేతిరాతలో. తగ్గేటప్పుడు చూపు మళ్లీ మారుతుంది. ఉబ్బిన కటకం నీరు వదిలి మామూలు కావడానికి వారాలు పడుతుందట. ఈసారి ఉబ్బు తగ్గేకొద్దీ చూపు దూరం వైపు జరిగింది. జబ్బుతో ఉన్నప్పుడు బాగున్న కళ్లు నయమవుతుంటే చెడ్డాయి. ఆ మధ్యలో ఎంతమంది తిండి మార్పు పడలేదని మానేసి ఉంటారో అనిపించింది. నేనూ ఆ రాత్రి మానేసేదాన్నే.

ఆరు వారాలు. పేజీలు కంప్యూటర్ తెరమీద పెద్దవి చేసుకుని చూశాను. శీర్షికలన్నీ పక్క సీటు అమ్మాయికి ఇచ్చి గట్టిగా చదివించుకున్నాను. వత్తు ఉన్నచోట గొంతు వొత్తి పలకమన్నాను. నవ్వుకునేది గానీ, పలికేది.

ఈలోగా తిండి ఒక దారిన పడింది. రోజుకి వంద గ్రాముల లోపు పిండిపదార్థం. 130కి లోపల ఉంటే తక్కువ కిందే లెక్కేస్తారు, యాభై లోపు అనేది మరీ కఠినం. ఆ కఠినం నా ఒంటికీ కోపానికీ కూడా పడలేదు. పొద్దున్న గుడ్లు, మధ్యాహ్నం కొలిచిన అన్నం, రాత్రి కూరగాయలతో పాటు చేపో చిక్కుళ్లో. భోంచేశాక పదిహేను నిమిషాల నడక. కండరాలు పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే చక్కెరను లాక్కుంటాయి. నడిచిన రోజుకీ నడవని రోజుకీ నా మీటర్‌లో ఇరవై, ముప్పై తేడా కనపడేది.

మీటర్ కూడా వేదవాక్కేమీ కాదు. ఒకే వేలి నుంచి వెంటవెంటనే చూసినా 148 ఒకసారి, 161 ఒకసారి వచ్చింది. పదిహేను శాతం అటూ ఇటూ అవడాన్ని వాటి ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఒకసారి 263 చూసి గుండె ఆగినంత పనైంది. ఏం తిన్నానా అని తల బద్దలుకొట్టుకున్నాను. తినలేదు, పిల్లకి బత్తాయి ఒలిచిచ్చాను. చేతులు కడుక్కుని మళ్లీ గుచ్చితే 124. ఇక తెల్లవారుజాము సంగతి మాత్రం నాకిప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున్నకి 149. నిద్రలేచే వేళకి ఒంట్లో ఊరే హార్మోన్ల మాట విని కాలేయం తన నిల్వలోంచి చక్కెర వదులుతుంది. తప్పు చేయకుండా శిక్ష.

ఆ రోజుల్లోనే ఒక వైద్యచరిత్ర పుస్తకం ప్రూఫులు నా బల్ల మీదికి వచ్చాయి. 1870లో పారిస్ నగరం ముట్టడిలో ఉండగా, తిండి కరువై కొందరు రోగుల మూత్రంలో చక్కెర తగ్గిందని బూషార్డా అనే వైద్యుడు గమనించాడట. ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బుకి తిండి కోత తప్ప మరో మందు లేదు. 1922లో టొరంటోలో మొదటి రోగికి ఇన్సులిన్ ఇచ్చేదాకా, ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారుకాని పిల్లల్ని పస్తులతోనే కొన్నాళ్లు నెట్టుకొచ్చేవారు. ఆ పేజీ దిద్దుతూ చాలాసేపు ఆగాను. తిండితో అన్నీ నయమవుతాయని చెప్పేవాళ్లు ఎదురైతే నాకు ఆ పిల్లలు గుర్తొస్తారు. నాది రెండో రకం డయాబెటిస్ (టైప్ 2), నా క్లోమంలో ఇంకా కొంత శక్తి ఉంది కాబట్టి తిండి మాట వింటోంది.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 6.9, ఆరు నెలలకి 6.1. ఇంకో అయిదు కిలోలు తగ్గాను, ఈసారి తెలిసి. షుగర్ తగ్గిపోయిందటగా అని అడుగుతుంటారు. మందు లేకుండా కనీసం మూడు నెలలు 6.5 లోపు ఉంటేనే ఉపశమనం అంటారు. నేనింకా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. అది ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చని ఏడాదికోసారి అదీ చూపించుకుంటున్నాను. కాబట్టి తగ్గలేదు, అదుపులో ఉంది.

చూపు మసకబారాక ఏడో వారం మొదటి రోజున సొరుగు తీశాను. అందులో మైనస్ అద్దాలు రెండు జతలు ఉన్నాయి, ఎవరికీ పనికిరానివి. వాటి కింద నా పాత చత్వారం అద్దాలు. పెట్టుకుని ఆ రోజు పేజీ తీశాను. ధకారం కింద వత్తు నిలబడి ఉంది. థకారం పొట్టలో చుక్క ఉంది. పక్క సీటు అమ్మాయిని ఇక చదవక్కర్లేదన్నాను. "అయ్యో, అలవాటైపోయింది మేడమ్" అంది.

ఇప్పటికీ ఎప్పుడైనా ఏ పెళ్లి భోజనమో చేసొచ్చిన తర్వాతో, జ్వరం వచ్చినప్పుడో, అద్దాలు లేకుండా అక్షరాలు స్ఫుటంగా కనిపించినట్టు అనిపిస్తుంది. వెళ్లి చేతులు కడుక్కుని, వేలు గుచ్చుకుంటాను.