ఏడు అరల లెక్క

"ఇదేం అల్మరా సార్, అరలన్నీ ఒక్క లోతులో లేవేంటి?" అన్నాడు మేస్త్రి, ప్లైవుడ్ ముక్క చేత్తో పట్టుకుని.

అల్మరా కాదు, గదిలో శబ్దాన్ని చెదరగొట్టడానికి గోడకు బిగించే ప్యానెల్ అని చెప్పి, పేపర్ మీద రాసి చూపించాను. సున్నా నుంచి ఆరు దాకా ఒక్కో అంకెనీ దానితోనే గుణించి, 7తో భాగిస్తే మిగిలే శేషాలు 0, 1, 4, 2, 2, 4, 1. శేషం ఒక్కటికి 5 సెంటీమీటర్ల లోతు లెక్కేస్తే అత్యంత లోతైన అర 20. ఆయన పెదవులు కదుపుతూ లెక్క చూసుకుని "సున్నా తీసేస్తే అటూ ఇటూ ఒకేలా ఉంది సార్" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో!

1970లలో ధ్వని శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ సంఖ్యా సిద్ధాంతంలోని ఈ శేషాలను తెచ్చి గోడకు పెట్టాడు, లోతు మారిన కొద్దీ శబ్దం వెనక్కి వచ్చే సమయం మారి, ఒక్క దిక్కుకే తిరిగి రాకుండా చుట్టూ చెదిరిపోతుంది. దూదిలా మింగేయదు, నాకు నచ్చింది అదే.

సాయంత్రం మూడు ప్యానెళ్లు పక్కపక్కన బిగించి చప్పట్లు కొట్టాను. రెండు గోడల మధ్య ట్ర్‌ర్‌మని కొట్టుకునే ఆ మోత లేదు.

పాప వీణ తెచ్చుకుని మోహనం వాయించింది. తీగ చివరిదాకా వినిపించింది. "నాన్నా, ఎదురు గోడకి కూడా చేద్దాం" అంది.

రేపు మళ్లీ ప్లైవుడ్ కొట్టుకి.