మా ఇంటి బడికి క్యారేజీ

జూన్ 12న మా వీధిలోకి స్కూలు బస్సులు వరసగా వచ్చాయి. మా పిల్లలిద్దరూ బాల్కనీలో నిలబడి అందరికీ టాటాలు చెప్పారు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నాడికి నాలుగు. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ మొత్తానికి ఆ రోజు బడి ఈడుండి ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే. నాకైతే పొద్దుటి కాఫీ కూడా దిగలేదు.

బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం వెనక పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. యూకేజీ పిల్ల రాత్రి తొమ్మిదింటికి చూచిరాత రాస్తూ పెన్సిల్ చేతిలో ఉండగానే నిద్రపోయేది. 'ఎలిఫెంట్' స్పెల్లింగ్ గడగడా చెప్పేది, తన పేరు మాత్రం తెలుగులో రాయలేకపోయేది.

మామయ్యగారిది ఒకటే ప్రశ్న. "రేపు పదో తరగతి ఎట్లా రాస్తుందమ్మా?" ఆయన కోసమే కూర్చుని చదివాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువు గురించే గానీ, ఇంట్లో చదివించుకోవచ్చనీ, కూడదనీ అందులో విడిగా చెప్పలేదు. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్లో మూడు, ఐదు, ఎనిమిది తరగతుల స్థాయి పరీక్షలున్నాయి. పద్నాలుగు నిండితే పదో తరగతి కూడా అక్కడే రాయొచ్చు. "గవర్నమెంటుదేనా?" అన్నారు. అవునన్నాను. మళ్లీ పేపర్లో తల పెట్టేశారు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం అంటారు.

మొదటి వారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గోడకి టైమ్‌టేబుల్ అంటించాను. తొమ్మిదికి లెక్కలు, పదికి ఇంగ్లీషు. మూడో రోజుకి చిన్నాడు మంచం కిందకి దూరి బయటికి రానన్నాడు. ఒక స్కూలు మాన్పించి, అంతకంటే గట్టి టీచరమ్మ చేతిలో పెట్టాను పిల్లల్ని.

దారి చూపింది అత్తయ్య. చేటలో బియ్యం పోసి, వేలితో 'అ' దిద్దించారు. తప్పు పోతే చేట ఒకసారి కుదిపితే సరి, రబ్బరు అక్కర్లేదు. పదిహేను రోజుల్లో పెద్దది తన పేరు రాసింది. చిన్నాడు మాత్రం బియ్యంలో వడ్లగింజలు ఏరుతూ కూర్చున్నాడు. అదీ పనికొచ్చే చదువే అంటారావిడ.

ఓ ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ గేట్లు లెక్కపెట్టాం. పెద్దదానికి 66 వచ్చాయి. వాళ్ల నాన్న ఫోన్లో చూసి "70 ఉండాలి, నాలుగు ఎక్కడ మింగావే?" అన్నారు. ఒప్పుకోదే! తిరిగొచ్చేటప్పుడు పదేసి చొప్పున వేళ్లు ముడుస్తూ మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి 71. ఆ ఒక్కటి వాళ్ల నాన్నకిచ్చేసిందట.

టెన్షన్ పోయిందని చెప్పను. ఇప్పటికీ రోజూ రాత్రి నోట్‌బుక్కులో ఆ రోజు ఏం నేర్చుకున్నారో రాస్తాను. కొన్ని రోజులు "ఏమీ లేదు" అనే ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర దాకా సెల్లార్లో ఆడుకోవడానికి ఒక్క పిల్లా ఉండదు, దానికి నా దగ్గర మందు లేదు.

మొన్న పెద్దది వాచ్‌మన్ గారి అమ్మాయి బడి నుంచి రావడం చూసి వచ్చి అడిగింది. "అమ్మా, నాకు క్యారేజీ ఎందుకు కట్టవు?" మర్నాడు పులిహోర కలిపి రెండు డబ్బాల్లో సర్దాను. పన్నెండున్నరకి నన్నే బెల్లు కొట్టమన్నారు. గరిటెతో పళ్లెం మీద కొట్టాను. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తిన్నారు. చిన్నాడు కరివేపాకు ఏరి అక్క డబ్బాలో వేశాడు.