తల మీది గడ్డ

నడినెత్తికి కొంచెం వెనకగా నాకో గడ్డ ఉందని ఏళ్ల తరబడి తెలుసు. దువ్వెన తగిలితే చురుక్కుమనేది, అంతే. తిరుమలలో గుండు చేయించుకున్నాక అది అందరి కళ్లా పడింది. ‘గాటు పడకుండా తీశాను గానీ, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి స్వామీ’ అన్నాడు కల్యాణకట్టలో క్షురకుడు. కొండ దిగేలోపే మా ఆవిడ నోట కేన్సర్ అనే మాట వచ్చేసింది. మా అత్తగారేమో సున్నం, బెల్లం కలిపి పట్టు వేయమన్నారు.

గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రెండు వేళ్లతో గడ్డను పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశారు. ఈ మధ్య గబగబా పెరిగిందా, పుండు పడిందా, రక్తం కారిందా అని అడిగారు. మెడకు రెండు వైపులా, చెవుల వెనకా తడిమి బిళ్లలేమైనా కట్టాయేమో చూశారు. ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?’ అన్నారు. అమ్మకు మూడున్నాయి, అన్నయ్యకు ఒకటుంది. ‘అయితే ఇది పిలార్ సిస్టే అయ్యుంటుంది’ అన్నారు. వెంట్రుక కుదురు పొర నుంచి పుట్టే తిత్తి అది, లోపల కెరటిన్ (జుట్టు, గోళ్లలో ఉండే ప్రొటీన్) పేరుకుంటుంది. నూటికి తొంభై తల మీదే వస్తాయి, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యం. మా అత్తగారు అనుమానించినట్టు నూనె వల్లో చుండ్రు వల్లో రావు. స్కాన్ అక్కర్లేదా అంటే, పసిపిల్లలకు ముక్కు మొదట్లో పుట్టుకతో గడ్డ ఉంటే అది పుర్రె లోపలి దాకా పోయి ఉండొచ్చు కాబట్టి ముందు స్కాన్ తప్పదు, మీకు వద్దన్నారు.

అయినా నాకు అన్నయ్య సంగతే మనసులో మెదిలింది. అతని గడ్డను ఊళ్లో ఆరెంపీ ఒకాయన సూదితో పొడిచి పిండేశాడు. కొన్నాళ్లకు మళ్లీ నిండి, చీము పట్టి, జ్వరంతో మంచం ఎక్కించింది. తిత్తి గోడ లోపలే మిగిలితే అంతేనట. చీము పట్టాక వాపు తగ్గేదాకా ఆగి తీయాలి.

నాది సర్జన్ తీశారు. మత్తు ఇంజెక్షన్ మంటే అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది. నెత్తికి రక్తప్రసారం ఎక్కువ కాబట్టి, రక్తం ఎక్కువ కారకుండా ఆ మందులో అడ్రినలిన్ కలుపుతారట. ఆ తర్వాత లాగుతున్నట్టు తెలిసింది తప్ప నొప్పి లేదు. చిట్లకుండా వచ్చిన గడ్డను చూపించారు. ముంజెలా తెల్లగా, నున్నగా ఉంది. ‘పారేయండి సార్’ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, ఫార్మలిన్ డబ్బాలో వేసి బయాప్సీకి పంపారు. పైకి మామూలుగా కనిపించేవాటిలోనూ అరుదుగా వేరేవి ఉంటాయట. డబ్బు దండగ అనుకునేవాళ్లుంటారు గానీ, మా ఆవిడకు నిద్ర పట్టించింది ఆ రిపోర్టే: ట్రైకిలెమ్మల్ సిస్ట్ (పిలార్ సిస్ట్‌కే ఇంకో పేరు), కేన్సర్ లక్షణాలు లేవు. అప్పటిదాకా ఇంట్లో ఒకటే టెన్షన్. కుట్లు వారం దాటాక విప్పారు.

తర్వాత అమ్మనూ తీసుకెళ్లాం. నొప్పి లేదు, పెరగడం లేదు, వదిలేయొచ్చన్నారు. పెరిగినా, పుండు పడినా మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. ‘మీ అమ్మమ్మకూ ఉండేవిరా’ అంది అమ్మ, ఇన్నాళ్లకు. అన్నయ్యకు వాపు పూర్తిగా తగ్గింది. వచ్చే నెలలో అతనిదీ అదే సర్జన్ తీస్తానన్నారు.