ఆ గీత గీసింది ఎవరు?

పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్‌లో వాయిస్ అంటే యాక్టివ్ వాక్యాన్ని పాసివ్‌గా తిరగేసి రాయడం, అంతే. ఆబ్జెక్ట్‌ని ముందుకి తెచ్చి, ఈజ్, వాజ్ లాంటి బి వెర్బ్ పెట్టి, వి3 అంటే క్రియ మూడో రూపం రాసి, చేసినవాళ్ళని బై తగిలించి చివరికి పంపించెయ్యాలి. మా అమలాపురం చుట్టుపక్కల ట్యూషన్లలో అందరం ఇలాగే చెప్తాం, మార్కులూ వస్తాయి. కానీ ఆ బై ముక్క రాయకపోయినా ఇంగ్లీషులో వాక్యం తప్పు కాదు కదా, అంటే పని ఉంటుంది, చేసిన మనిషి ఉండడు. ఇది పిల్లలకి గట్టిగా తెలియాలనే ఈసారి న్యూజిలాండ్ రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ రాసిన ద డాల్స్ హౌస్, అంటే బొమ్మరిల్లు, కథ చదివించేను.

1922లో వచ్చిన కథ, న్యూజిలాండ్‌లో జరుగుతుంది. ఆ చుట్టుపక్కల ఒక్కటే బడి కాబట్టి జడ్జి గారి పిల్లలు, డాక్టర్ గారి పిల్లలు, పాలాయన పిల్లలు అందరూ అందులోనే చదవాలి. అందరికన్నా అడుగున కెల్వీ అక్కచెల్లెళ్ళు లిల్, ఎల్స్. తల్లి ఇళ్ళకి తిరిగి బట్టలుతుకుతుంది, తండ్రి జైల్లో ఉన్నాడని ఊరంతా అనుకుంటారు. లిల్ గౌను, బొమ్మరిల్లున్న బర్నెల్ వాళ్ళ పాత టేబుల్ గుడ్డతో కుట్టినది, దాని చేతులేమో ఇంకో ఇంటి కర్టెన్.

ఇలా అందరూ కలిసి చదివేచోట ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదంటుంది కథ, ఆ గీత కెల్వీల దగ్గర గీయబడిందంటుంది. వాళ్ళతో మాట్లాడ్డానికి కూడా చాలామంది పిల్లల్ని ఒప్పుకోలేదంటుంది. అన్నీ పాసివ్ వాక్యాలే, బై లేదు. బోర్డు మీద రాసి, బై పెట్టి పూర్తి చెయ్యమన్నాను. మొదట వచ్చిన జవాబు సొసైటీ. అది నేను ఒప్పుకోను, ఎందుకంటే సొసైటీ అని రాసేస్తే మళ్ళీ ఎవరి పేరూ రాయనట్టే. కథలో వెతకమన్నాను. వెతికేరు. వద్దన్న తల్లిదండ్రులు, తల ఎగరేసుకుని పక్కనించి పోయే బర్నెల్ పిల్లలు, కెల్వీలతో మాట్లాడ్డానికి వేరే గొంతు దాచుకున్న టీచరు, మాటలతో పొడిచి సరదాపడే ఆడపిల్లలు. "బై తర్వాత జాగా చాలట్లేదండి మేడమ్" అన్నాడొక అబ్బాయి, నాకు కావల్సింది అదే.

వెనక కూర్చున్న అమ్మాయి "మనమూ అంతేనండి, రానివ్వరు, కూర్చోనివ్వరు అంటాం, ఎవరు అనేది చెప్పం" అంది. నిజమే, తెలుగులో పాసివ్ అక్కర్లేదు, సబ్జెక్ట్ వదిలేసినా క్రియే నడిపించేస్తుంది. ఊరు ఒక పక్క, పేట ఒక పక్క, మధ్యలో కాలవో రోడ్డో ఉన్న ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు వీళ్ళు, వాళ్ళకి ఆ రానివ్వరు ఎవరో తెలుసు, రాసే అలవాటే లేదు.

కథ చివర్లో మాత్రం పేరుతో సహా మనిషి బయటికొస్తుంది. బర్నెల్ పిల్లల్లో ఒకమ్మాయి కెజియా గేటు తీసి, కెల్వీలని లోపలికి పిలిచి బొమ్మరిల్లు చూపిస్తుంటే ఆ పిల్ల పిన్ని బెరిల్ వచ్చి ఇద్దర్నీ కోళ్ళని తోలినట్టు తోలేస్తుంది. ఆ మధ్యాహ్నం ఎవడో దగ్గర్నుంచి వచ్చిన బెదిరింపు ఉత్తరం తాలూకు భయం ఆవిడది, వీళ్ళని తరిమేకా మనసు తేలికపడింది. ఇక్కడ పాసివ్ లేదు, తరిమింది ఎవరో, ఎందుకో రెండూ ఉన్నాయి. అన్యాయం గురించి జవాబు రాసేటప్పుడు ఈ రెండూ రాస్తే చాలు, గైడులో పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు.

ఇక కథంతా నోరిప్పని ఎల్స్ ఆఖర్న తను ఆ బొమ్మరింట్లో చిన్న దీపం చూశానని ఒక్క మాట అంటుంది, ఐ సీన్ అని. హేవ్ లేదు. పిల్లలు వెంటనే తప్పు పట్టేరు, దిద్దాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నారు. చివరికి, ఎగ్జామ్‌లో వాళ్ళ సొంత వాక్యంలో హేవ్ పెట్టమన్నాను, ఎల్స్ వాక్యం జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాను, ఆ వాక్యానికి సబ్జెక్ట్ ఎల్సే.