చంబాలో నీళ్ళ తల్లి

పఠాన్‌కోట్ నుంచి చంబాకి బస్సులో దాదాపు ఐదు గంటలు పట్టింది. బనీఖేత్‌లో సగం బస్సు ఖాళీ. అందరూ వేసవి విడిది డల్హౌసీకే. అక్కడ టీ తాగుతుంటే ఒక ట్యాక్సీ అతను వచ్చి మూడు వేలు అడిగాడు. "ఖజ్జియార్ చూపిస్తా మేడమ్, చంబా అయితే అరగంటలో అయిపోతుంది" అన్నాడు. మనసు చివుక్కుమంది. 1948లో హిమాచల్‌లో కలిసేదాకా వెయ్యేళ్ళకు పైగా చంబా రాజ్యానికి రాజధానిగా ఉన్న ఊరికి అరగంటా? మళ్ళీ అదే బస్సెక్కాను.

పదో శతాబ్దంలో రాజు సాహిల్ వర్మ భర్మౌర్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. కూతురు చంపావతి అడిగిందనీ, ఆమె పేరే ఊరికి పెట్టాడనీ చెప్తారు. ఊరైతే కట్టాడు గానీ నీళ్ళు లేవు. కాలువ తవ్వించినా నీరు పారలేదు. రాజకుటుంబంలో ఒకరు బలి కావాలన్నారట. కొడుకును పంపడం ఇష్టంలేక రాణి సునయన తానే వెళ్ళి సజీవంగా సమాధి అయిందని, ఆ వెంటనే నీళ్ళు పారాయని కథ.

ఆమె గుడి, సూయీ మాత గుడి, ఊరి పైన కొండ మీద ఉంది. మెట్లు నిటారుగా ఉన్నాయి. వాటిని కట్టించింది కూడా ఒక రాణే, తర్వాతి కాలపు రాజు జీత్ సింగ్ భార్య శారద. చైత్రంలో జరిగే సూయీ జాతర ఆడవాళ్ళదీ పిల్లలదీ.

సగం మెట్ల మీద ఆయాసంతో కూలబడ్డాను. పక్కనే కూర్చున్న ఒక ముసలావిడ తన సీసా మూత తీసి, నా దోసిట్లో నీళ్ళు పోసింది. పళ్ళు జిల్లుమన్నాయి. "తాగు బేటీ, ఇవి రాణి ఇచ్చిన నీళ్ళు" అంది.

పొద్దున భూరీ సింగ్ మ్యూజియంలో చూసిన రాళ్ళు గుర్తొచ్చాయి. ఈ కొండల్లో చనిపోయినవాళ్ళ పుణ్యం కోసం ఊటల దగ్గర చెక్కించి నిలబెట్టిన రాళ్ళవి. కొన్నింటి మీద శారదా అనే పాతకాలపు లిపిలో రాతలు. ఒకదాని మధ్యలో నీటి ధార రావడానికి తొలిచిన రంధ్రం అంచు నున్నగా అరిగిపోయి ఉంది. ఈ ఊళ్ళో రాజుల యుద్ధాల కంటే నీళ్ళ కథే నాకు పెద్దదిగా అనిపించింది.

మాది అనంతపురం. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే, ఊరి కోసం అందులోకి నడిచి వెళ్ళిన ముసలమ్మ కథ మా అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో! బస్సు ఆ కట్ట మీదుగా వెళ్తే కిటికీలోంచే దండం పెట్టించేది. నీళ్ళకు ప్రతిసారీ ఆడబిడ్డే ఎందుకు పోవాలని చిన్నప్పుడు అడిగాను. అవ్వ జవాబు చెప్పలేదు, నా తల నిమిరింది.

ఇదంతా వచ్చిన హిందీలో ఆ పెద్దావిడకు చెప్పాను. పేరు ఇంకోసారి చెప్పమంది. "ముసలమ్మ" అన్నాను. "ముసలమ్మా" అని నెమ్మదిగా పలికి, సూయీ గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.