పిడికెడు బియ్యం

ఆదివారం, రాత్రి 9.30

పొద్దున మద్దిలపాలెంలో తగరపువలస బస్సు దొరకడమే ఆలస్యమైంది. ఆటో దిగి ఊళ్లోకి నడుస్తుంటే చర్చి రెండో గంట వినబడింది. కొంగు తలమీదికి లాక్కుని ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాక గానీ టెన్షన్ తగ్గలేదు.

మా ఊరి గుడి ఒకప్పుడు ఆంగ్లికన్ వాళ్లది, అంటే ఇంగ్లండ్ సంఘానిది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు అందులో కలిసింది. పాస్టరు అయ్యగారు నాలుగు ఊళ్లు చూసుకోవాలి కాబట్టి మాకు బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, నెలకోసారే. ఆ ఆదివారం నేను సిటీలో ఉండలేను.

సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు చేతులతో ఇచ్చుకునే వేళంటే నాకు ప్రాణం. అయ్యగారు బల్ల దగ్గర మొదలుపెడతారు. కుడి అరచేతికి కుడి అరచేయి ఆనించి, ఎడమ చేత్తో పైనుంచి మూస్తారు. అలా చేతులు మారుతూ వెనక వరసదాకా వస్తుంది. కేరళ సిరియన్ క్రైస్తవుల ఈ పద్ధతిని 1950 నాటి మన ఆరాధన క్రమంలో చేర్చారు. ఇవాళ నాకు అందించినామె గోళ్ల చివర నిన్నటి ఉభాల మట్టి ఇంకా ఉంది. అరచేయి గరుగ్గా, వెచ్చగా ఉంది. అందుకుని అలవాటుగా ఎడమపక్కకి తిరిగాను. ఎవరూ లేరు. అది మామ్మ చోటు.

బల్ల మీది తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసేది మామ్మే. కాలు జారి పడి నాలుగు నెలలుగా మంచం మీదే ఉంది. అయినా గుడికని ఆవిడ తీసిపెట్టే పిడికెడు బియ్యం ఏ వారమూ ఆగలేదు, మనవడు డబ్బాలో తెచ్చి బుట్టలో పోస్తాడు. ఇవాళ వాడు మరిచిపోయి వచ్చాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారు మామ్మకి బల్ల ఇవ్వడానికి బయల్దేరితే నేనూ వెళ్లాను. మనవడు లూకా సువార్త కూడబలుక్కుంటూ చదివాడు. 1805లో విశాఖలో దిగిన లండన్ మిషన్ వాళ్లు ఇక్కడే తెలుగులోకి దింపిన సువార్తల్లో అదొకటి, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. మన విశాఖ గాలిలో తెలుగైన సువార్త ఆ పిల్లాడి నోట వింటుంటే ఒళ్లు పులకరించింది.

రొట్టె తీసుకున్నాక మామ్మకి నా చేయి అందించాను. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పొద్దున మిగిలిపోయిన సమాధానం ఇప్పుడు ఇచ్చినట్టైంది.

"బియ్యం అందినాయా అమ్మా?" అని అడిగింది. నాకు నోరు రాలేదు. కోడలే మంచం కిందనుంచి డబ్బా తీసింది. రోజూ ఎసట్లో పోసేముందు బియ్యం గిన్నె మంచం దగ్గరికి తెస్తుందట. మామ్మ తన చేత్తోనే తియ్యాలి. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, పిడికిట్లో సగమే నిలుస్తాయి. అందుకని రెండుసార్లు తీస్తుంది.

డబ్బా పట్టుకుని గుడికి వచ్చేసరికి బియ్యం కొలవడం అయిపోయి, మూట కట్టేశారు. పుస్తకంలో లెక్క కూడా రాసేశారు. విషయం చెప్పగానే సంఘపెద్ద మారుమాట్లాడకుండా ముడి విప్పారు. మామ్మ బియ్యం అందులో పోయించుకుని, మళ్లీ మొదటినుంచీ కొలిచారు.