వసకొమ్ము

బుధవారం, రాత్రి

పాపకి ఈరోజుతో మూడో నెల నిండింది. పొద్దున ఒంటికి నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేశాక అమ్మమ్మ తెనాలి నుంచి తెచ్చుకున్న గుడ్డమూట విప్పింది. సానరాయి, నాలుగు వసకొమ్ములు, అంటే వస మొక్క ఎండిన దుంపలు. ఆ ఘాటు వాసనకి మా ఊరి బియ్యం డబ్బా గుర్తొచ్చింది. పురుగు పట్టకుండా అందులో ఎప్పుడూ ఒక కొమ్ము ఉండేది.

కొమ్ముని ఆముదం దీపం మీద పట్టి నల్లగా కాల్చింది. "సాన మీద రెండు తిప్పులు తిప్పి, నీ పాలతో కలిపి నాలుక్కి రాస్తానే. కడుపునొప్పి రాదు, మాటలు తొందరగా వస్తాయి. మీ అమ్మకీ నీకూ నేనే రాశాను" అంది. వసని సంస్కృతంలో వచ అంటారు, మాటకి సంబంధించిన పేరే. గలగలా మాట్లాడే పిల్లని మనం వసపిట్ట అంటాం. ఆవిడ నమ్మకం ఈనాటిది కాదు.

అయినా చెయ్యి పట్టుకుని ఆపాను. అమ్మమ్మకి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి, ఒకటే టెన్షన్.

నెల రోజులుగా దీని గురించే చదువుతున్నాను. వస నూనెలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఆ నూనె తిన్న ఎలుకలకి పేగుల్లో కణుతులు వచ్చాయి. అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో వాడకూడదని నిషేధించారు. పైగా ఆ దేశపు సొంత రకంలో అది ఉండదట, మన దగ్గర పెరిగే వసలోనే బాగా ఎక్కువ. ఆయుర్వేదంలోనూ దీన్ని శుద్ధి చేశాకే వాడతారు, వాంతి చేయించడానికి ఇచ్చే మందుల్లో ఇదీ ఒకటి. కాల్చడం శుద్ధి కాదా అంటుంది అమ్మమ్మ. కావచ్చు. కానీ రెండు తిప్పుల్లో ఎంత దిగిందో కొలిచేదెవరు? పాప బరువు ఐదు కిలోలు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని డాక్టరు గారు చెప్పారు.

"పోనీ, వసని బిళ్లలుగా కోసి, దారానికి గుచ్చి చేతికి కట్టనా? దిష్టి తగలదు." పాప చేతులు ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి. దారం తెగి బిళ్ల గొంతుకి అడ్డం పడితే? అదీ వద్దన్నాను. చివరికి ఒక కొమ్ముని గుడ్డలో మూటకట్టి, పాపకి అందకుండా ఉయ్యాల కొక్కేనికి గట్టిగా కట్టాం. దిష్టంటే నాకూ భయమే. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని ఆవిడ అంటుంటే నేనూ గొంతు కలిపాను.

సాన కడిగి బోర్లిస్తూ అడిగింది, "మరి దీనికి మాటలెలా వస్తాయే?"

"నువ్వు రోజూ దీనితో మాట్లాడు అమ్మమ్మా."

సాయంత్రం నుంచి ఉయ్యాల పక్కనే కూర్చుంది. మామిడికాయల బేరం నుంచి పక్కింటి ఆవు ఈనడం దాకా అన్నీ చెప్తోంది. పాప కళ్లు పెద్దవి చేసుకుని, మధ్యమధ్యలో "ఉంగా" అంటోంది.